పాట పెడితే చెవిలో గుచ్చుతోందా? హాల్లో స్టీరియో సౌండ్ మెత్తబడాలంటే

షాపులో విన్నప్పుడు కమ్మగా ఉన్న స్పీకర్లు ఇంటికొచ్చి హాల్లో పెట్టగానే కీచుమంటున్నాయి అంటే చాలావరకు తప్పు స్పీకర్లది కాదు, హాలుది. మన హాళ్ళు ఎలా ఉంటాయో ఒకసారి చూడండి, కింద విట్రిఫైడ్ టైల్స్ లేదా మార్బుల్, పాత ఇల్లైతే తాండూరు నాపరాయో బేతంచెర్ల రాయో, పైన ఆర్‌సీసీ స్లాబ్, చుట్టూ పుట్టీ కొట్టి నున్నగా పెయింట్ వేసిన గోడలు, ఒక పక్క బాల్కనీలోకి పెద్ద గ్లాస్ డోరు, టీవీ కింద గ్లాస్ తలుపుల షోకేసు, సోఫా ముందు గ్లాస్ టాప్ టీపాయ్. వీటిలో ఒక్కటి కూడా సౌండ్ ని పీల్చుకోదు, పడింది పడ్డట్టు వెనక్కి కొడుతుంది. షాపుల్లో డెమో రూము చూస్తే కింద కార్పెట్, గోడలకి ప్యానెళ్ళు, మందంగా కర్టెన్లు ఉంటాయి, అందుకే అక్కడ అంత బాగా వినిపిస్తుంది. ఇది తెలియక చాలా మంది ఇంటికొచ్చి వారం వినేసి యాంప్ మార్చేస్తారు, తర్వాత కేబుల్ మారుస్తారు, తర్వాత స్పీకర్లు అమ్మేస్తారు, హాలు మాత్రం అలాగే ఉంటుంది.

అందుకని ఒక వరసలో వెళ్దాం, ముందు గుచ్చుకునేది ఏంటో కనిపెట్టడం, తర్వాత పైసా ఖర్చు లేని పనులు, తర్వాత గుడ్డలూ కార్పెట్లూ, తర్వాత సెట్టింగులు, సోల్డరింగ్ ఐరన్ పట్టుకునేది అన్నిటికంటే ఆఖర్న.

ట్రెబుల్ ఎక్కువైంది అని అందరూ ఒకే మాట అంటారు కానీ అందులో కనీసం మూడు రకాలున్నాయి. మొదటిది 2 నుంచి 5 కిలోహెర్ట్జ్ మధ్య వచ్చేది, ఇది అసలు ట్రెబుల్ కూడా కాదు, మిడ్ రేంజ్ పై భాగం. ఆడ గొంతు పై స్థాయికి వెళ్ళినప్పుడు, వయొలిన్, నాదస్వరం, ఎలక్ట్రిక్ గిటార్ వచ్చినప్పుడు అరిచినట్టు, మీద పడుతున్నట్టు ఉంటుంది. మన చెవి రంధ్రం ఆకారం వల్లే 3 కిలోహెర్ట్జ్ దగ్గర్లో సౌండ్ సహజంగా పెరిగి వినిపిస్తుంది, చెవికి సూటిగా తగిలే చోటు అదే, అందుకే అక్కడ ఒకటి రెండు డెసిబెల్స్ ఎక్కువైనా తలనొప్పి వచ్చేస్తుంది. రెండోది 5 నుంచి 8 దాకా, పాడేవాళ్ళు స, శ, చ పలికినప్పుడల్లా ఉస్సు ఉస్సుమంటుంది. మూడోది 10 కిలోహెర్ట్జ్ పైన, తాళాలు, గజ్జెలు, డ్రమ్స్ లో సింబల్స్ సూదుల్లా తగలడం. ఈ మూడోదాన్ని జనం ఎక్కువ తిడతారు కానీ నిజంగా అలసట తెప్పించేది మొదటిదే. ట్రెబుల్ నాబ్ మొత్తం తగ్గించినా గుచ్చుకోవడం తగ్గట్లేదు, పైగా పాట మూగబోయింది అంటే మీది మొదటి రకం అన్నమాట, ఎందుకంటే ఆ నాబ్ ఎక్కువగా 10 కిలోహెర్ట్జ్ చుట్టూ పని చేస్తుంది, 3 దగ్గరికి దాని ప్రభావం అంతంత మాత్రం.

ఇప్పుడు టెస్టులు. బాగా తెలిసిన పాట ఒకటి తీసుకోండి, వాద్యాల మోత తక్కువ ఉండి గొంతు ముందుండేది అయితే మంచిది. బాలమురళీకృష్ణ గారి లాంటి నిండు గొంతు మీద ఒకసారి, సుశీల గారో జానకి గారో పై స్వరంలో పాడింది ఇంకోసారి. నిండు గొంతు కూడా పల్చగా వినిపిస్తోందంటే బాస్ లేకపోవడం సమస్య, ట్రెబుల్ ఎక్కువ కావడం కాదు. ఈ రెండూ చెవికి దాదాపు ఒకేలా వినిపిస్తాయి, వైద్యం మాత్రం వేరు.

అదే పాట అదే ఫోన్ నుంచి మంచి హెడ్‌ఫోన్స్ లో వినండి. అక్కడ కూడా గుచ్చుకుంటే రికార్డింగే అంత, మీ సెట్ ని వదిలేయండి. హెడ్‌ఫోన్స్ లో బాగుంటే, స్టీరియో పెట్టి ఒక స్పీకర్ కి రెండు మూడు అడుగుల దూరంలో కుర్చీ వేసుకుని కూర్చుని, వాల్యూమ్ తగ్గించి వినండి. అంత దగ్గర కూర్చుంటే గోడల నుంచి వచ్చే సౌండ్ కంటే స్పీకర్ నుంచి నేరుగా వచ్చేదే చాలా ఎక్కువ ఉంటుంది. అక్కడ మెత్తగా ఉండి సోఫాలోకి వెళ్ళగానే గరుకుగా మారితే దోషం రూముది, దగ్గర కూడా గరుకుగానే ఉంటే స్పీకర్ దో యాంప్ దో సోర్స్ దో. నాకు తెలిసి ఇంతకంటే పనికొచ్చే టెస్టు లేదు, దీనికి మైకులూ యాప్ లూ అక్కర్లేదు. ఇంకొకటి, స్పీకర్లని ఒక పూట బెడ్‌రూమ్ లో పెట్టి వినండి, పరుపు, దిండ్లు, తెరిచి పెట్టిన బీరువాలో బట్టలు ఉన్న రూములో సౌండ్ ఎలా ఉందో వింటే హాలు ఎంత పాడు చేస్తోందో అర్థమైపోతుంది.

చప్పట్ల టెస్టు అందరికీ తెలుసు కానీ చేసే పద్ధతి ఒకటుంది. మీరు కూర్చునే చోట నిలబడి గట్టిగా ఒక్కసారి కొట్టండి, వెనకాల "టర్ర్ర్" అనో "జింగ్" అనో తోక వస్తే ఎదురెదురుగా ఉన్న రెండు ఖాళీ గోడల మధ్య సౌండ్ అటూ ఇటూ కొట్టుకుంటోందన్నమాట. కొంచెం కొంచెం జరుగుతూ కొడితే ఏ రెండు గోడలో తెలిసిపోతుంది.

రికార్డింగ్ సంగతి కూడా ఇక్కడే తేల్చేద్దాం. యూట్యూబ్ నుంచి దింపి 320 కేబీపీఎస్ ఎంపీ3 చేశాం అంటే అది 320 క్వాలిటీ అయిపోదు, అక్కడున్నదే సుమారు 128 కేబీపీఎస్ దగ్గర ఉండే ఏఏసీ లేదా ఓపస్ ఫార్మాట్, దాన్ని మళ్ళీ ఎంపీ3 గా నొక్కితే ఇంకా పోతుంది తప్ప కొత్తగా వచ్చేదేం ఉండదు, సింబల్స్ నీళ్ళలో మోగినట్టు జివజివలాడటం దాని గుర్తు. స్ట్రీమింగ్ యాప్ లో క్వాలిటీ సెట్టింగ్ డేటా సేవర్ లో ఉండిపోయిందేమో చూసుకోండి, వైఫై కి వేరే, మొబైల్ డేటాకి వేరే సెట్టింగ్ ఉంటుంది. పాత పాటల విషయంలో ఇంకో గొడవ ఉంది. ఘంటసాల గారి కాలం పాటలు చాలావరకు మోనో, వాటిని రీమాస్టర్ పేరుతో ట్రెబుల్ పెంచి, కృత్రిమంగా స్టీరియో చేసి వదిలినవి చాలా తిరుగుతుంటాయి. పాత సినిమా సౌండ్ ట్రాక్ నుంచి నేరుగా తీసినవైతే ఇంకా ఘోరం, ఆ కాలపు థియేటర్ సిస్టంలు పై ఫ్రీక్వెన్సీలని బాగా తగ్గించి వినిపించేవి, దాన్నే అకాడమీ కర్వ్ అనేవారు, ఆ తగ్గింపు ఉంటుందని తెలిసే ఇటు సౌండ్ ట్రాక్ లో కొంచెం పెంచి పెట్టేవారు, అది ఇవాళ మీ ట్వీటర్ (బాక్స్ లో ట్రెబుల్ పలికే చిన్న స్పీకర్) లోంచి ఉన్నదున్నట్టు వస్తే రేకు మోత రాక ఏమొస్తుంది. అలాంటి పాట పెట్టి సిస్టంకి సెట్టింగులు చేయొద్దు. ఒకే పాటకి రెండు మూడు వెర్షన్లు దొరికితే అన్నీ విని, ఎక్కువ మెరుపు లేనిది దాచుకోండి.

ఖర్చు లేని పనుల్లో మొదటిది వైర్లు. రెండు స్పీకర్లలో ఒకదానికి ఎరుపు నలుపు తారుమారు అయితే ఒక ఊఫర్ (బాస్ పలికే పెద్ద స్పీకర్) ముందుకొచ్చినప్పుడు రెండోది వెనక్కెళ్తుంది, బాస్ సగానికి పైగా కొట్టుకుపోతుంది, మిగిలింది పైనదే కాబట్టి మొత్తం పల్చగా, కీచుగా వినిపిస్తుంది. వార్తలు చదివే గొంతు లాంటి మోనో సౌండ్ పెట్టండి, అది సరిగ్గా రెండు స్పీకర్ల మధ్యలోంచి రావాలి, ఎక్కడి నుంచి వస్తుందో తెలియకుండా తల చుట్టూ తిరుగుతుంటే ఒక స్పీకర్ వైర్లు మార్చి చూడండి. బాక్స్ వెనకాల గుర్తులు చెరిగిపోయి ఉంటే యాంప్ నుంచి వైర్ పీకేసి 1.5 వోల్ట్ పెన్ సెల్ ని ఒక్క క్షణం తాకించండి, సెల్ ప్లస్ ని తాకించిన టెర్మినల్ ఎరుపు అయితే ఊఫర్ కోన్ ముందుకి కదులుతుంది. రెండు బాక్సులూ ఒకేలా కదిలితే చాలు.

రెండోది స్పీకర్ల చోటు. మన ఇళ్ళల్లో స్పీకర్లు ఎక్కడుంటాయంటే షోకేసు అరల లోపల, లేదా పిల్లలకి అందకూడదని అటక అంచు మీద, లేదా టీవీ యూనిట్ మీద లోపలికి నెట్టేసి. అర లోపల పెడితే పక్క చెక్కలకి, పైన గ్లాసుకి కొట్టుకుని వచ్చే సౌండ్ అసలు సౌండ్ తో కలిసి గందరగోళం చేస్తుంది. తప్పనిసరిగా అక్కడే పెట్టాలంటే బాక్స్ ముందు భాగం అర అంచుకి సమానంగా, ఒక సెంటీమీటర్ బయటికే ఉండేలా లాగండి, పక్కన ఖాళీలో పాత తువ్వాళ్ళో పుస్తకాలో కుక్కండి. స్టాండ్లు ఉంటే ట్వీటర్ మీ చెవి ఎత్తుకి రావాలి, సోఫాలో కూర్చుంటే నేల నుంచి సుమారు మూడు అడుగులు, కింద చాప మీద కూర్చుని వినే అలవాటు ఉంటే ఇంకా తక్కువ. స్టాండ్లు లేకపోతే బాక్స్ వెనకాలో ముందో చెక్క ముక్క పెట్టి వంచినా పనవుతుంది.

ట్వీటర్ ఎటు చూస్తోంది అన్నది ఇంకా ముఖ్యం. ట్వీటర్ సౌండ్ ఎదురుగానే ఎక్కువ, పక్కకి వెళ్ళేకొద్దీ పై ఫ్రీక్వెన్సీలు తగ్గిపోతుంటాయి. స్పీకర్లు రెండూ నేరుగా మీ మొహంలోకి చూస్తుంటే వాటిని కొంచెం బయటికి తిప్పండి, నేరుగా ఎదురుగోడ వైపు చూసేదాకా కొద్దికొద్దిగా తిప్పుతూ వినండి, తిప్పిన ప్రతిసారీ తేడా తెలుస్తుంది. కాకపోతే ఇందులో ఒక మెలిక, బయటికి తిప్పితే పక్క గోడ మీద పడే సౌండ్ పెరుగుతుంది, ఆ గోడ ఖాళీగా ఉంటే ఇటు తగ్గించి అటు పెంచుకున్నట్టే. మీది అలాంటి హాలే అయితే ఉల్టాగా చేయండి, రెండు స్పీకర్లనీ బాగా లోపలికి తిప్పి వాటి చూపులు మీకు ఒక అడుగు ముందే కలిసేలా పెట్టండి, అప్పుడు మీకు ట్వీటర్ పక్క నుంచే తగులుతుంది, గోడలకి కూడా తక్కువ పోతుంది. ఇది చూడ్డానికి వింతగా ఉంటుంది, ఇంట్లోవాళ్ళు స్పీకర్లు అలిగాయా అంటారు, పర్లేదు.

బాస్ పల్చగా ఉందని తేలితే స్పీకర్లని వెనక గోడకి దగ్గర చేయండి, గోడ దగ్గరయ్యేకొద్దీ బాస్ పెరుగుతుంది, బాస్ నిండితే ట్రెబుల్ దానంతటదే తగ్గినట్టు ఉంటుంది. సోఫా మాత్రం వెనక గోడకి అంటిపెట్టి ఉంటే ఒక అడుగున్నరైనా ముందుకి లాగాలి, తల వెనకే నున్నటి గోడ ఉంటే దాన్నుంచి తిరిగొచ్చేది నేరుగా చెవిలోకే వస్తుంది. లాగడానికి చోటు లేకపోతే తల వెనక గోడకి మందపాటి గుడ్డ ఏదైనా వేలాడదీయండి. స్పీకర్ ముందు గుడ్డ గ్రిల్ పీకేసి ఉంటే తిరిగి పెట్టేయండి, అది కూడా పై ట్రెబుల్ ని కొంచెం తగ్గిస్తుంది.

ఇప్పుడు అసలు పని, రూము. లెక్క చూస్తేనే నమ్మకం కుదురుతుంది కాబట్టి చిన్న లెక్క చేద్దాం. ఒక సౌండ్ ఆగాక 60 డెసిబెల్స్ తగ్గడానికి పట్టే టైమ్ కి సాబిన్ అనే ఆయన ఇచ్చిన ఫార్ములా ఉంది, అడుగుల్లో అయితే రూము ఘనపరిమాణాన్ని 0.049 తో గుణించి, మొత్తం పీల్చుకునే శక్తితో భాగించాలి. 12 బై 14 హాలు, 10 అడుగుల ఎత్తు అనుకోండి, 1680 ఘనపు అడుగులు. నేల, స్లాబ్, గోడలు కలిపి 856 చదరపు అడుగులు. టైల్స్, ప్లాస్టర్ లాంటివి తమ మీద పడిన సౌండ్ లో నూటికి రెండు మూడు పాళ్ళే పీల్చుకుంటాయి, మూడే వేసుకుంటే మొత్తం 26 యూనిట్లు. 1680 ఇంటూ 0.049 అంటే 82, దాన్ని 26 తో భాగిస్తే మూడు సెకన్ల పైన! ఖాళీ ఇంట్లోకి గృహప్రవేశానికి వెళ్తే మాట్లాడిన మాట గుడిలో లాగా మోగేది ఇందుకే. గుడ్డ సోఫా సెట్టు, ఇద్దరు మనుషులు వస్తే ఇంకో 30 యూనిట్లు అనుకుందాం, ఒకటిన్నర సెకన్లకి దిగుతుంది. కింద మెత్త వేసి 6 బై 9 మందపాటి కార్పెట్ పరిస్తే మిడ్, ట్రెబుల్ ల దగ్గర సగం పీల్చుకుంటుంది అనుకుంటే 27, గ్లాస్ డోరు గోడంతా 10 బై 8 బరువైన కర్టెన్ వేస్తే 40. ఇప్పుడు మొత్తం 123, టైమ్ సెకనులో మూడింట రెండొంతులు. పాటలు వినడానికి అర సెకను దరిదాపుల్లో ఉంటే చాలు, ఇంకొక దివాను, నాలుగు బొంతలు, ఒక పుస్తకాల అర చేరితే అక్కడికి వచ్చేస్తారు. అంకెలు ఉజ్జాయింపే కానీ ఒక సంగతి చూడండి, కార్పెట్, కర్టెన్ రెండిటితోనే టైమ్ సగానికి పైగా తగ్గింది, ఏ యాంప్ మార్చినా ఇంత తేడా రాదు.

కర్టెన్ అంటే షీర్ కర్టెన్ కాదు, లోపల లైట్ కనిపించే పల్చటిది సౌండ్ కి అడ్డే కాదు. వెల్వెట్ లాంటి బరువైనది, లేదా బ్లాకవుట్ గుడ్డకి వెనక అస్తరు వేసింది తీసుకోండి. గోడ వెడల్పుకి రెట్టింపు గుడ్డ ఉండాలి, మడతలు పడి వేలాడాలి, తెరలా సాగదీసి కట్టకూడదు. గోడకీ కర్టెన్ కీ మధ్య నాలుగు ఐదు అంగుళాలు ఖాళీ ఉంటే అదే గుడ్డ ఇంకా కింది ఫ్రీక్వెన్సీల దాకా పని చేస్తుంది, రాడ్ కి పొడుగు బ్రాకెట్లు అడిగితే హార్డ్‌వేర్ షాపులో దొరుకుతాయి.

నేల మీద పరిచేది టీపాయ్ కింద అందానికి కాదు, స్పీకర్లకీ మీకూ మధ్య ఉండాలి, సౌండ్ నేల మీద పడి మీ దగ్గరికి ఎగిరే చోటు అదే. వరంగల్ కొత్తవాడ జంపఖానాలు బాగుంటాయి కానీ అవి పల్చటి నేత, ఒక్కటే పరిస్తే కొస ట్రెబుల్ మాత్రమే తగ్గుతుంది, కింద పాత బొంతో, అర అంగుళం ఫెల్టో వేసి దాని మీద పరవండి. ఏలూరు తివాచీ లాంటి ఉన్ని కుచ్చు ఉన్నది ఇంట్లో ఉంటే ఇంకేం కావాలి. గ్లాస్ టీపాయ్ మాత్రం దారిలోంచి తీసేయాల్సిందే, లేదంటే వినేటప్పుడు దాని మీద మందపాటి దుప్పటి మడిచి వేయండి.

పక్క గోడల మీద ఎక్కడ వేయాలో తెలియాలంటే అద్దం పని చేస్తుంది. మీరు మీ చోట కూర్చోండి, ఇంకొకరు చిన్న అద్దాన్ని ట్వీటర్ ఎత్తులో గోడ వెంట జరుపుతూ వెళ్ళాలి, అద్దంలో మీకు ట్వీటర్ కనిపించిన చోట గోడ మీద పెన్సిల్ తో గీత పెట్టండి. ఒక్కో స్పీకర్ కి ఒక్కో గోడ మీద, అంతే. ఆ గీత చుట్టూ రెండడుగుల వెడల్పు, నాలుగడుగుల ఎత్తులో ఏదైనా పీల్చుకునేది పెడితే గోడంతా నింపాల్సిన పని లేదు. గుడ్డ కవర్ వేసిన ప్యానెల్ చేయించుకోవచ్చు, కార్పెంటర్ తో 2 బై 4 ఫ్రేమ్ కొట్టించి అందులో 48 డెన్సిటీ, 50 ఎంఎం రాక్‌వూల్ పెట్టి, మీద గాలి ఆడే గుడ్డ బిగించండి, గుడ్డకి నోరు పెట్టి ఊదితే గాలి అవతలికి పోవాలి. రాక్‌వూల్ ముట్టుకునేటప్పుడు గ్లవ్స్, మాస్కు తప్పనిసరి, లేకపోతే రోజంతా దురద. అద్దె ఇల్లు, మేకులు కొట్టనివ్వరు అంటే అదే ప్యానెల్ ని కాళ్ళ మీద నిలబెట్టి గోడకి ఆనించండి, వినడం అయ్యాక మంచం వెనక్కి తోసేయొచ్చు. అది కూడా కాదంటే బట్టల స్టాండు మీద రెండు బొంతలు ఆరేసి ఆ గీతల దగ్గర పెట్టి చూడండి, పని చేస్తుందో లేదో ముందే తెలుస్తుంది.

ఆన్‌లైన్ లో దొరికే అర అంగుళం ముక్కోణాల ఫోమ్ కి డబ్బు పెట్టొద్దు. 3 కిలోహెర్ట్జ్ తరంగం పొడవు 11 సెంటీమీటర్ల పైన, దాన్ని సరిగ్గా పీల్చాలంటే అందులో పావు వంతు, అంటే అంగుళం పైన మందం కావాలి, 1 కిలోహెర్ట్జ్ కి మూడు అంగుళాల పైన. అర అంగుళం ఫోమ్ కొస ట్రెబుల్ ని తినేసి, గుచ్చుకునే మిడ్ ని అలాగే వదిలేస్తుంది. కోడిగుడ్ల ట్రేల సంగతి అసలు ఎత్తకండి, పీల్చుకునేది దాదాపు సున్నా, నిప్పంటుకుంటే మాత్రం క్షణాల్లో కాలిపోతాయి. గుడ్డలు కూడా అతిగా వద్దు, గోడలన్నీ పల్చటి గుడ్డలతో నింపేస్తే పైన అంతా పోయి కింద బాస్ మాత్రం గుమ్ముగుమ్ముమంటూ మిగిలిపోతుంది.

సెట్టింగుల్లోకి వస్తే ముందు ఆపాల్సినవి ఆపండి. లౌడ్‌నెస్ బటన్ బాస్ నీ ట్రెబుల్ నీ రెండిటినీ ఎత్తుతుంది, తక్కువ వాల్యూమ్ కోసం పెట్టింది అది, గట్టిగా వినేటప్పుడు ఆఫ్ లో ఉండాలి. ఫోన్ లో రాక్, పాప్ అనే ప్రీసెట్లు, టీవీలో క్లియర్ వాయిస్, రిసీవర్ లో మ్యూజిక్ ఎన్‌హాన్సర్ ఇవన్నీ ఆఫ్. డెనాన్, మారంట్జ్ రిసీవర్లలో ఆడిస్సీ (మైక్ తో రూముని కొలిచి సౌండ్ ని సరిచేసే ఏర్పాటు) ఉంటే ఫ్లాట్ బదులు రిఫరెన్స్ ఎంచుకోండి, అందులో పై ఫ్రీక్వెన్సీలు కాస్త కిందికి వాలుతాయి. యమహాలో అలాంటిదే వైపావో, అందులో అయితే ఫ్లాట్ బదులు నేచురల్. ఫ్లాట్ అంటే కరెక్ట్ కదా అని చాలా మంది దాన్నే పట్టుకుంటారు, కానీ మనం కూర్చునే చోట మైక్ పెట్టి కొలిస్తే గ్రాఫ్ లో గీత బాస్ నుంచి ట్రెబుల్ వైపు మెల్లగా కిందికి వాలుతూ ఉండాలి, అలా ఉన్నదే జనానికి నచ్చుతుందని ఫ్లాయిడ్ టూల్, షాన్ ఆలివ్ అనే పరిశోధకులు హర్మన్ అనే ఆడియో కంపెనీలో చేసిన వినికిడి పరీక్షల్లో తేలింది. సోఫా దగ్గర గీత తిన్నగా వచ్చిందంటే అది బ్రైట్ గా, అంటే ట్రెబుల్ ఎక్కువగా వినిపించే సెట్టింగే.

ఈక్వలైజర్ వాడితే పెంచడం కాదు, తగ్గించడం. అరిచినట్టు ఉంటే 3 కిలోహెర్ట్జ్ దగ్గర 2 డెసిబెల్స్ తగ్గింపు, క్యూ (తగ్గింపు ఎంత వెడల్పున పడాలో చెప్పే అంకె, పెరిగేకొద్దీ ఇరుకవుతుంది) 1 తో మొదలుపెట్టండి, ఫ్రీక్వెన్సీని 2 నుంచి 4.5 దాకా మెల్లగా జరుపుతూ ఎక్కడ హాయిగా అనిపిస్తే అక్కడ ఆగండి. ఉస్సుమనడానికి 6 నుంచి 7 మధ్య 3 డెసిబెల్స్, క్యూ 2. పైనంతా మెరుపు ఎక్కువైతే 8 పైన హై షెల్ఫ్ (అక్కడి నుంచి పైదంతా ఒకేసారి తగ్గించే ఫిల్టర్) తో 2 తగ్గించండి. కంప్యూటర్ నుంచి వినేవాళ్ళకి విండోస్ లో ఈక్వలైజర్ ఏపీవో ఫ్రీగానే దొరుకుతుంది, కొలవాలనుంటే రూమ్ ఈక్యూ విజార్డ్ కూడా ఫ్రీనే, కాలిబ్రేట్ చేసిన యూఎస్‌బీ మైక్ ఒక్కటే కొనాలి. తేడా పోల్చేటప్పుడు రెండూ ఒకే వాల్యూమ్ లో ఉండాలి, కాస్త గట్టిగా వినిపించిందే బాగున్నట్టు చెవి మోసపోతుంది. ఇంకో మాట, ఈక్వలైజర్ రూము మోతని తగ్గించలేదు, స్పీకర్ లోంచి వచ్చేదాన్నే తగ్గిస్తుంది, అందుకే కార్పెట్ తర్వాతే దీని వంతు.

వాల్యూమ్ పెంచినప్పుడు మాత్రమే గరగర వస్తుంటే యాంప్ క్లిప్ అవుతోందేమో చూడండి. చిన్న యాంప్ తో పెద్ద హాలు నింపబోతే తరంగం పై కొసలు తెగిపోయి, ఆ తెగిన చోట్ల అసలు పాటలో లేని పై ఫ్రీక్వెన్సీలు పుట్టుకొస్తాయి, అవి వెళ్ళేది ట్వీటర్ కే, అలా చాలా ట్వీటర్లు కాలిపోతాయి కూడా. పెద్ద యాంప్ కొనేముందు సీలింగ్ ఫ్యాన్ ఒక పాయింట్ తగ్గించి వినండి, ఫ్యాన్ హోరు మీద వినిపించడానికే మనం సగం వాల్యూమ్ పెంచుతుంటాం.

అసెంబుల్డ్ సెట్లు ఉన్నవాళ్ళకి వేరే చెప్పాలి. లోకల్ గా బాక్స్ కొట్టించి 5200 ట్రాన్సిస్టర్ యాంప్ బోర్డు, 8 అంగుళాల ఊఫర్, పక్కన ఒక పీజో ట్వీటర్ బిగించిన సెట్లలో గుచ్చుకోవడానికి కారణం తొంభై పాళ్ళు ఆ పీజోనే, క్రాసోవర్ (ఏ ఫ్రీక్వెన్సీ ఏ స్పీకర్ కి వెళ్ళాలో విడదీసే సర్క్యూట్) లేకుండా నేరుగా కలిపేస్తారు. దాన్ని తీసేసి మామూలు 8 ఓమ్స్ సిల్క్ డోమ్ ట్వీటర్ వేయించుకుంటే ఆ సెట్టే వేరేగా పలుకుతుంది. కెపాసిటర్ మాత్రం నాన్ పోలార్ ది సిరీస్ లో ఉండి తీరాలి, 8 ఓమ్స్ ట్వీటర్ కి 4.7 మైక్రోఫారడ్ పెడితే సుమారు 4.2 కిలోహెర్ట్జ్ నుంచి, 3.3 పెడితే 6 నుంచి, 2.2 పెడితే 9 నుంచి పని మొదలవుతుంది. 4.7 ఉన్నచోట 3.3 కి మారిస్తే గుచ్చుకునే భాగం చాలా తగ్గుతుంది, పది ఇరవై రూపాయల పని, హైదరాబాద్ వాళ్ళకి కోఠి గుజరాతీ గల్లీలో ఏ షాపులో అడిగినా ఇస్తారు.

కంపెనీ స్పీకర్లు, వెనకాల నాలుగు టెర్మినల్స్ ఉండి వాటి మధ్య రేకు పట్టీలు ఉన్నవైతే ఒక తేలిక దారి ఉంది. పై జత ట్వీటర్ ది, కింది జత ఊఫర్ ది. యాంప్ వైర్ కింది జతకి కలిపి, ఎరుపు వైపు రేకు పట్టీ తీసేసి ఆ రెండు ఎరుపు టెర్మినల్స్ మధ్య 1 ఓమ్, 10 వాట్ల వైర్‌వౌండ్ రెసిస్టర్ బిగించండి. 8 ఓమ్స్ ట్వీటర్ కి సుమారు 1 డెసిబెల్ తగ్గుతుంది, 2.2 ఓమ్స్ పెడితే 2 కి దగ్గరగా. వినడానికి చిన్న అంకెలే కానీ ట్వీటర్ మొత్తం మీద 1 డెసిబెల్ అంటే స్పష్టంగా తెలుస్తుంది. బాక్స్ విప్పక్కర్లేదు, నచ్చకపోతే రేకు మళ్ళీ పెట్టేయొచ్చు. పవర్ ఆఫ్ చేసి చేయండి, వైర్లు ఒకదానికొకటి తగలకుండా చూసుకోండి.

ట్వీటర్ ముందు టిష్యూ పేపర్ అంటించే చిట్కా మీరు వినే ఉంటారు, అది ఊరికే పుట్టలేదు, 1978 లో యమహా తెచ్చిన ఎన్‌ఎస్-10 అనే స్పీకర్ స్టూడియోల్లో బాగా పాకింది, దాని ట్వీటర్ మరీ గుచ్చుకునేది, ఇంజనీర్లు టిష్యూ వేలాడదీసి పని చేసేవాళ్ళు, తర్వాత కంపెనీయే ట్వీటర్ మార్చి స్టూడియో మోడల్ తెచ్చింది. ఇంట్లో దాకా వస్తే ఆ కాగితం సౌండ్ ని తగ్గించడంతో పాటు కొంత వెనక్కి కూడా కొడుతుంది, ఫలితం ఎక్కడికక్కడ ఎగుడుదిగుడుగా ఉంటుంది. కుదిరితే రెసిస్టర్, లేకపోతే ఈక్వలైజర్.

కేబుల్స్ గురించి అడుగుతారు కాబట్టి ఒక్క మాటే, మామూలు మందం ఉన్న రాగి వైరు, గట్టిగా బిగించిన చివర్లు ఉంటే చాలు, వెండి పూత కేబుల్ కొనే డబ్బుకి మంచి కార్పెట్ వస్తుంది. రెండొందల గంటలు ప్లే చేస్తే స్పీకర్ మెత్తబడుతుంది అని షాపువాళ్ళు చెప్పేది కూడా ఎక్కువగా మీ చెవి అలవాటు పడటమే, ఈలోపు వాపసు ఇచ్చే గడువు దాటిపోతుంది. ఇవన్నీ చేశాక, దగ్గర కూర్చుని విన్నా ఇంకా గరుకుగానే ఉంటే అప్పుడు స్పీకర్ మార్చండి, ఈసారి షాపులో వినేసి రాకుండా మీ హాల్లోనే రెండు రోజులు పెట్టి వినడానికి ఇస్తారా అని అడిగి, ఇస్తామన్న దగ్గరే కొనండి.